సముద్రపు ఊళ్ళో మూడు నెలలు

వరుసగా రెండు సంచికలలో ఈ శీర్షిక కనిపించలేదేమని గిద్దలూరు, కంభం, తర్లుపాడు వైపునుండి చాలామంది అడిగారు. మేము ఊళ్ళో లేము. విశాఖపట్నంలో మా అబ్బాయి ఇంట మూడు నెలలు ఉండి మొన్ననే మార్కాపురం చేరాము. ఆ కబుర్లే ఈ నెల మీతో చెప్పుకుంటాము.

నిజం చెప్పాలంటే మేము ఇష్టపడి వెళ్ళలేదు. ఇద్దరమూ బడి ఉద్యోగాలనుండి విశ్రాంతి తీసుకున్న నాటినుండి అబ్బాయిది ఒకటే పాట: "ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చెయ్యండి." అన్నప్పుడల్లా మా మనసు చివుక్కుమనేది. చెమటోడ్చి కట్టుకున్న ఇల్లు. వాకిట్లో వేపచెట్టు, పెరట్లో కరివేపాకు చెట్టు మా చేతులతో నాటినవి. వాడి కన్ను ఇంటి డబ్బుమీద పడిందేమోనని మాలో మేమే అనుకున్నాము. ఆ మాట ఎవరితోనూ అనలేదు గాని, మనసులో ముల్లులాగ ఉండిపోయింది.

సరే, చూచి వద్దామని నవంబరులో ఒక రాత్రి మార్కాపురం రోడ్డు స్టేషనులో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు విశాఖలో దిగాము. మూటలలో కందిపప్పు, సజ్జలు, వేరుశెనగలు, ఎండుమిరపకాయలు, కాగితంలో చుట్టిన గోంగూర విత్తనాలు. వాటితోబాటు బట్టల మధ్య భద్రంగా పెట్టిన రెండు రాతిపలకలు. మార్కాపురం వాళ్ళం పలక లేకుండా పిల్లలున్న ఇంటికి ఎలా వెళ్తాము?

మొదటి నెల మాకు రోజులు గడవలేదు. మూడో అంతస్తులో ఇల్లు. తలుపు తీస్తే ఎదురుగా మరో తలుపు. బయట అరుగు లేదు, పలకరించే మనిషి లేడు. పదేళ్ళ మనుమరాలు బడినుండి రాగానే ఫోను పట్టుకొని మూలన కూర్చునేది. కోడలు ఉద్యోగానికి వెళ్ళి సాయంత్రం అలసి వచ్చేది. అన్నిటికంటే మాకు తాగే నీళ్ళు నచ్చలేదు. చప్పగా ఉన్నాయి. టీ పెడితే రుచి లేదు, పప్పు వండితే రుచి లేదు. ఒకరోజు భోజనం దగ్గర ఉండబట్టలేక అనేశాము: "ఏమిటో అమ్మాయ్, ఈ ఊళ్ళో నీళ్ళకే రుచి లేదు, ఇక వంటకు ఎక్కడినుండి వస్తుంది?"

కోడలు ఏమీ అనలేదు. కంచం తీసికొని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొంతసేపటికి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పెద్దవాళ్ళమై ఉండి ఇంత మాట అన్నామే అని బాధపడ్డాము. క్షమించమని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

తెల్లవారి మేడమీదికి వెళ్ళాము. అక్కడ పదిహేను దాకా పాత రంగుల డబ్బాలున్నాయి. మట్టి ఎండి బీటలు వారింది. ఒకటి రెండింటిలో కలబంద తప్ప ఏమీ లేదు. కోడలిని అడిగితే చెప్పింది: "2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా పుట్టింటి ముందున్న పెద్ద వేపచెట్టు కూలిపోయింది, అత్తయ్యా. ఆ రోజు ఊరంతా చెట్లు పడిపోయాయి. ఆ తరువాత ఎక్కడున్నా నాలుగు మొక్కలు పెంచాలనుకున్నాను. పెళ్ళయ్యాక డబ్బాలైతే తెచ్చాను గాని, తీరికే దొరకలేదు."

మా వేపచెట్టు మాకెంతో, కూలిన వేపచెట్టు ఈ పిల్లకు అంత అని అప్పుడు తెలిసింది. మేము సిమెంటు గోడమీద చేయి పెట్టి, "నిన్న అన్నమాట మనసులో పెట్టుకోకమ్మా" అన్నాము. ఆమె నవ్వి, "మట్టి తవ్వే గునపం కింద ఉంది, తెస్తాను" అన్నది.

అలా మా తోట మొదలయింది. మా ప్రాంతంలో సేద్యమంటే నీటి బొట్టును లెక్కపెట్టుకోవడమే. ఆ అలవాటు అక్కడ పనికివచ్చింది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఒక బకెట్టులో పట్టి మొక్కలకు పోశాము. కొబ్బరి పీచు డబ్బాలలో పరిస్తే మట్టి త్వరగా ఆరిపోలేదు. మాకు తెలియనిది ఉప్పుగాలి. విత్తనాలు మొలిచి నాలుగాకులు వేశాక అంచులు మాడిపోసాగాయి. పురుగనుకున్నాము. కింది అంతస్తు పెద్దమ్మగారు వచ్చి చూచి, "సముద్రం గాలికి ఆకులమీద ఉప్పు పేరుకుంటుందండీ. పొద్దున్నే మంచినీళ్ళు చల్లి కడగండి, గాలి వచ్చే వైపు పాత గోనెపట్టా కట్టండి" అని చెప్పింది. అలా చేశాక మొక్కలు తేరుకున్నాయి. మా గోంగూర, ఆమె ఇచ్చిన బచ్చలి తీగ పక్కపక్కనే పెరిగాయి. తోటపనిలో జీవితమంతా గడిపినా, ఊరు మారితే మళ్ళీ ఒకటో తరగతే.

తోట తరువాత వంటిల్లు దారికొచ్చింది. మన వైపు చేప అంటే కంభం చెరువు చేపే. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు కొండల నడుమ విజయనగర రాజుల కాలంలో కట్ట వేసి నిలిపిన చెరువది. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. ఇక సముద్రపు చేప మనకు తెలిసింది సంతలో దొరికే ఎండు నెత్తళ్ళ రూపంలోనే. విశాఖలో కోడలు మమ్మల్ని చేపల రేవుకు తీసికొని వెళ్ళింది. వంజరం, చందువ, కానాగంతలు, కవళ్ళు, పచ్చి నెత్తళ్ళు గంపలలో మెరుస్తున్నాయి. కన్ను తేటగా, మొప్ప ఎర్రగా ఉన్న చేపే తాజాది అని చూపించింది. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు వేటకు వెళ్ళవనీ, అవి చేపలు గుడ్లు పెట్టే రోజులనీ చెప్పింది. విత్తనం కోసం గింజలు దాచుకొనే రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మేము సజ్జరొట్టె చేశాము. "ఇవి మా గంటెలే కదా!" అన్నది కోడలు. మన రాగులు వాళ్ళకు చోళ్ళు. పేరు మారింది గాని అంబలి రుచి అదే. ఒక ఆదివారం మా మేడమీది గోంగూరతో కోడలు రొయ్యలు వండింది. పక్కన మా సజ్జరొట్టె. అందరం మేడమీద చాప పరచుకొని కూర్చున్నాము. దూరాన సముద్రం గీతలాగ కనిపిస్తున్నది. ఎవరి వంట గొప్పదన్న మాటే రాలేదు. గిన్నె మాత్రం ఖాళీ అయింది.

ఇక పలకల సంగతి. మన మార్కాపురం పలక ఒకప్పుడు దేశమంతా తిరిగింది. గని రాతిని పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తే ఎందరి అక్షరాలకో అదే మొదటి పుట. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. ఇప్పుడు ఆ రాయి ఎక్కువగా గోడలకు, నేలకు వేసే బిళ్ళలుగా పోతున్నది. మనుమరాలు మొదట పలకను చూచి, "ఇది పని చేస్తుందా?" అని అడిగింది. ఛార్జింగు అక్కరలేదని చెప్పాము.

ఒకరోజు అందరం ఏటికొప్పాక వెళ్ళాము. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో లక్క బొమ్మలు చేస్తారు. అంకుడు కర్ర ముక్కను తరిమెన పట్టి తిప్పుతూ ఉలితో చెక్కుతారు. తిరుగుతున్న బొమ్మకు రంగు లక్క అదిమితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. తరువాత మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. గింజలు, ఆకులు, వేళ్ళనుండి తీసిన రంగులు గనుక పిల్లలు నోట పెట్టుకున్నా భయం లేదు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సహజ రంగులకు మళ్ళీ ప్రాణం పోసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఒక పనివాడు కర్రముక్కను రెండు నిమిషాలలో బొంగరం చేసి మనుమరాలి అరచేతిలో పెట్టాడు. ఆ పిల్ల ఇంటికి వచ్చేవరకు దానిని చేతిలోనుండి వదలలేదు.

ఆ సాయంత్రమే పలక తీసింది. కుటుంబ ప్రార్థన అయ్యాక మా మధ్య కూర్చుని బలపంతో బొమ్మ వేసింది. తాతయ్య, నాయనమ్మ, అమ్మ, తాను, అందరూ పళ్ళు కనిపించేలా నవ్వుతున్నారు. వాళ్ళ నాన్న పెదవులు మాత్రం మూసి ఉన్నాయి. "నాన్నకెందుకమ్మా నవ్వు లేదు?" అన్నాము.

"నాన్న ఎప్పుడూ పళ్ళు కనబడేలా నవ్వడు కదా, నాయనమ్మా!"

ఇల్లు నిశ్శబ్దమయింది. అబ్బాయి నెమ్మదిగా చెప్పాడు. చిన్నప్పటినుండి వాడి పళ్ళమీద గోధుమరంగు గారలు. కాలేజీలో తోటివాళ్ళు నవ్వేవారట. ఉద్యోగం ఇంటర్వ్యూలో చేయి అడ్డం పెట్టుకొని మాట్లాడాడట. "మీ ఇద్దరి మోకాళ్ళు, నడుములు రోజురోజుకు బిగుసుకుపోతున్నాయి. ఆ బోరు నీళ్ళు ఇంకెంతకాలం తాగుతారు, నాన్నా? అందుకే ఇల్లు అమ్మి రమ్మన్నాను. ఇంటి డబ్బు నాకెందుకు?"

పాఠకులారా, ఆ మాటకు మేము తల ఎత్తలేకపోయాము. మా బిడ్డను అపార్థం చేసికొన్నది ఒక తప్పు. ఇంకొకటి ఉంది. అటువంటి పళ్ళున్న పిల్లలు మా బడిలో ఎందరో ఉండేవారు. "సరిగా పళ్ళు తోముకొని రారేం?" అని వాళ్ళను కసిరాము. మా బిడ్డనూ కసిరాము. అది తోముకుంటే పోయే మరక కాదు. పళ్ళు లోపల తయారయ్యే పసివయసులో తాగిన నీటిలో ఫ్లోరైడు ఎక్కువైతే ఏర్పడే గుర్తు. విశాఖ నీళ్ళు చప్పగా ఉన్నాయని ఎగతాళి చేశామే, అవి రైవాడ, తాటిపూడి వంటి జలాశయాల నీళ్ళు. మన నాలుక లోతు బోర్ల నీటికి అలవాటు పడిపోయింది, అంతే.

తెలుసుకున్న నాలుగు సంగతులు మీతో పంచుకోవడం మా బాధ్యత. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కంటికి, నాలుకకు అది తెలియదు. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో నీటిని పరీక్ష చేయించవచ్చు. పిల్లలు, గర్భవతులు ఉన్న ఇండ్లలో కనీసం తాగడానికి, వంటకు శుద్ధిచేసిన నీరో, దాచిన వాననీరో వాడుకోవడం మంచిది. పాలు, ఆకుకూరలు, రాగులు పిల్లలకు బాగా పెట్టండి.

ఇక ఇంటి సంగతి ఏమి నిర్ణయించామని అడుగుతారు. అమ్మడం లేదు. తాగే నీళ్ళు డబ్బాలతో తెప్పించుకుంటున్నాము. ఎండాకాలం రెండు నెలలు మాత్రం విశాఖలో ఉంటామని మాట ఇచ్చాము. మనుమరాలికి సెలవులు, మాకు ఎండ బాధ తప్పుతుంది. సరిగ్గా చేపల వేట ఆగే రోజులే చూచుకొని వస్తారా అని కోడలు నవ్వింది. ఎండు నెత్తళ్ళు దాచి ఉంచమని చెప్పాము.

బయలుదేరేరోజు స్టేషనులో అబ్బాయి రైలు కిటికీ పట్టుకొని నిలబడ్డాడు. వాడి చిన్నతనంలో అన్నమాటకు మమ్మల్ని మన్నించమన్నాము. వాడు ఏమీ అనలేదు. రైలు కదిలాక నవ్వాడు, చేయి అడ్డం పెట్టుకోలేదు.

నిన్న ఫోను వచ్చింది. రెండో విడత గోంగూర మొలిచిందట. ఆకులు రోజూ కడుగుతున్నది మనుమరాలేనట. పలకమీద కొత్త బొమ్మ వేసిందట గాని, ఏమిటో చెప్పదట. ఏప్రిలులో వచ్చి చూడమన్నది.

మీ ఇంట్లోనూ ఒక పాత పలక ఉండే ఉంటుంది. ఈ సాయంత్రం దుమ్ము తుడిచి మీ పిల్లల చేతికివ్వండి. వాళ్ళు మిమ్మల్ని ఎలా గీస్తారో చూచి మాకు వ్రాయండి. వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాము.