గట్టి బొమ్మ వేరు, మన్నే బొమ్మ వేరు

"మా లాబ్రడారుకి ఎనిమిది నెలలు. నేనూ మావారూ పొద్దున్న తొమ్మిదింటికి వెళితే సాయంత్రం ఆరింటికి గాని ఇల్లు చేరం. ఇంతవరకు రెండు జతల చెప్పులు, ఒక దిండు, సోఫా చెయ్యి దాని పొట్టన పెట్టుకుంది. ఏ బొమ్మ కొన్నా పూట నిలవదు. అన్నిటికన్నా గట్టి బొమ్మ ఏదో చెప్పి పుణ్యం కట్టుకోండి" అని ఒక సోదరి వ్రాశారు. ఈ గోడు ఆమె ఒక్కరిదే కాదు. మా సైనిక్‌పురిలో సాయంత్రం నడకకు బయలుదేరితే రెండు వీధులు దాటేలోగా ఇదే మాట ముగ్గురి నోట వింటాను.

సైనిక్‌పురి సంగతి తెలియనివారికోసం చెబుతున్నాను. ఇది సికింద్రాబాదుకు ఈశాన్యంగా, సైన్యంలో పనిచేసినవారి కోసం వెలసిన కాలనీ. పెద్ద స్థలాలు, వాటిలో మామిడిచెట్లు, గేటుకు ఒక పక్క ఇంటాయన పేరూ హోదా, రెండో పక్క 'కుక్క ఉన్నది జాగ్రత్త' అన్న బోర్డు. అటువంటి ఇళ్ళు చాలావరకు ఇప్పుడు అపార్టుమెంట్లయినాయి. తోటలు పోయాయి గాని కుక్కలు పోలేదు. ఒకప్పుడు ఆవరణంతా తిరిగి ఉడుతల్ని తరిమినవి ఇప్పుడు మూడో అంతస్తు బాల్కనీలో కూర్చుని కింద పోయే కూరగాయల బండిని చూసి మొరుగుతున్నాయి. అంటే వాటికి ఉద్యోగం పోయిందన్న మాట. ఉద్యోగం లేని మగవాడు ఇంట్లో ఏం చేస్తాడో మా కాలనీ ఇల్లాళ్ళను అడగండి. ఉన్న ప్రతి వస్తువునూ విప్పి చూస్తాడు. కుక్క చేసేదీ అదే.

ఇహ ఆ సోదరి ప్రశ్నకు వస్తాను. "అన్నిటికన్నా గట్టి బొమ్మ" అన్నారే, అక్కడే ఉంది చిక్కు. బొమ్మ మరీ గట్టిదైతే అరిగేది బొమ్మ కాదు, పళ్ళు. పెద్ద కుక్కకు మొత్తం 42 పళ్ళుంటాయి. గట్టి వస్తువును అది ముందు పళ్ళతో కొరకదు. నోటి పక్కకు నెట్టి, పై దవడలో చెంప దగ్గరుండే పెద్ద పన్నుతో నొక్కుతుంది. వస్తువు లొంగకపోతే ఆ పన్ను పక్కనుంచి పెచ్చులా ఊడిపోతుంది. పశువైద్యులు తరచుగా చూసే దెబ్బ ఇది. లోపలి నరం బయటపడి, చీము పట్టి, కంటి కింద వాచేవరకు మనకు తెలియను కూడా తెలియదు. కుక్క అన్నం మానదు, రెండో పక్కన నమిలి ఊరుకుంటుంది. దుకాణాల్లో అమ్మే ఎండిన గిట్టలు, రాయిలాంటి నైలాను ఎముకలు, హిమాలయాల జున్ను అని చెప్పే కడ్డీలు, ఇవన్నీ మన్నుతాయి నిజమే. మన్నేది అవి, పోయేది పన్ను.

కొనేముందు ఒక పరీక్ష చెయ్యండి. బొమ్మ మీద బొటనవేలి గోరు గట్టిగా నొక్కండి. కాస్తయినా సొట్ట పడాలి. లేదా ఆ బొమ్మతో మీ మోకాలి చిప్ప మీద కొట్టుకోవాలంటే మీకు భయం వేస్తే, అది కుక్క నోటికీ తగదు. దుకాణం అబ్బాయి నవ్వితే నవ్వనివ్వండి. పోతే, ఆదివారం మాంసం వండాక మిగిలిన ఎముకలు దయచేసి వెయ్యకండి. ఉడికిన ఎముక పెళుసెక్కి పుల్లలు పుల్లలుగా విరిగి లోపల గుచ్చుకుంటుంది.

మరి గట్టిదీ వద్దు, మెత్తదీ నిలవదు, ఏది కొనాలంటారా? సాగి మళ్ళీ తన ఆకారానికి వచ్చే రబ్బరు. దీని వెనక ఒక కథ ఉంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో 1970ల్లో జో మార్కం అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డు కుక్క ఉండేది. దానికి రాళ్ళు నమిలే దురలవాటు, పళ్ళన్నీ అరగదీసుకుంటున్నది. ఒకనాడు ఆయన తన ఫోక్స్‌వాగన్ బండి బాగుచేసుకుంటూ, రాళ్ళ మీది ధ్యాస మళ్ళించడానికి విప్పిన సామాన్లు ఒక్కొక్కటే దానికేసి విసిరాడట. బండి కుదుపు తగ్గించే రబ్బరు ముక్క ఒకటి దానికి తెగ నచ్చింది. మూడు ముద్దలు ఒకదానిమీద ఒకటి పెట్టినట్టుండే 'కాంగ్' బొమ్మ అందులోంచి పుట్టిందని ఆ కంపెనీవారే చెప్పుకుంటారు. నేలకు కొడితే అది ఏ దిక్కుకు ఎగురుతుందో తెలియదు. లోపల డొల్ల, తినేది కూరవచ్చు. ఇప్పుడు అదే పద్ధతి బొమ్మలు ఎన్నో కంపెనీలవి దొరుకుతున్నాయి. పేరు కన్నా రబ్బరు ముఖ్యం. ఒకటి గుర్తుంచుకోండి. బంతి గాని బొమ్మ గాని డొల్లగా ఉంటే దానికి రెండు రంధ్రాలుండాలి. ఒకటే ఉంటే గాలి ఆడక, కుక్క నాలుక లోపలికి పీల్చుకుపోయి ఇరుక్కున్న సందర్భాలున్నాయి.

బొమ్మ పరిమాణం విషయంలో మనవాళ్ళు పొదుపు చేస్తారు. చిన్నది చవక గదా అని కొంటారు. బొమ్మ ఏనాడూ కోరపళ్ళు దాటి వెనక్కి పోకూడదు. మా వీధి పిల్లలు క్రికెట్టాడి పారేసుకునే టెన్నిస్ బంతి పొమేరియన్‌కు సరిపోవచ్చు గాని, లాబ్రడారు గొంతులో దిగబడిందంటే ఊపిరాడదు. పైగా దాని మీది నూగుకు మట్టి పట్టి గరుకు కాగితంలా తయారవుతుంది. రోజూ నమిలితే పళ్ళు అరుగుతాయి. విసిరి తెప్పించుకోవడానికి వాడండి, నమలడానికి వదలకండి.

అసలు భయం మింగడం దగ్గర. మా వీధి చివర ఒక రిటైర్డు మేజరుగారి కుక్క రాజా వేసవిలో మామిడి టెంక మింగింది. చెట్టు పెరట్లోనే ఉంది, పండు రాలడం, అది నోట కరవడం ఏటా జరిగేదే. ఈసారి టెంక జారింది. మొదటి రోజు వాంతి. రెండో రోజు నీళ్ళు తాగినా వాంతి. మూడో రోజు నడుము వంచి నిలబడి కదలకపోతే, అప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. స్కాను తీసి, ఆ సాయంత్రమే కోశారు. టెంక ఇరుక్కున్నచోట పేగు నల్లబడిపోతే జానెడు కోసేసి కుట్టారు. రాజా బతికింది. యుద్ధం చూసిన మనిషి, ఆ రాత్రి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని టవలు మొహానికి కప్పుకోవడం నేను చూశాను.

కనుక టెంక, మొక్కజొన్న కండె, సాక్సు, ఈ మూడూ కుక్కకు ఆటవస్తువులు కావు. వానాకాలంలో కాల్చిన పొత్తు తిని కండె పడేస్తాం, అది అరగదు, కరగదు. పీక్కుని మింగితే కొబ్బరి పీచూ అంతే. బోండాం దొర్లించి ఆడుకుంటే ముచ్చటే గాని, పీచు పీకడం మొదలుపెట్టగానే తీసెయ్యండి. వీటన్నిటికన్నా చెడ్డది దారం. పాత చీర జడలా అల్లి ముడులేసి ఇస్తే గుంజులాటకు దాన్ని మించిన తాడు లేదు, నేనూ అల్లుతాను. ఆట అయిపోగానే తీసి పైన పెట్టాలి. పోగులు ఊడి మింగితే, ఒక కొస ఎక్కడో చిక్కుకుని, లంగా బొందు లాగితే గుడ్డంతా దగ్గరికొచ్చినట్టు పేగంతా కుచ్చెళ్ళు పడి దారం దాన్ని కోసేస్తుంది. కుక్క నోట్లోంచో వెనకనుంచో దారం కొస వేలాడుతుంటే మీరు లాగవద్దు సుమా, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మాటిమాటికీ వాంతి, అన్నం ముట్టకపోవడం, నడుము వంచి నిలబడడం చూస్తే రేపు చూద్దామనుకోకండి. ఆ పూటే వెళ్ళండి.

దూది కూరిన బొమ్మల సంగతి చెప్పనే అక్కర్లేదు. మా గంగ ఊరకుక్క, వీధిలోంచి వచ్చి మా ఇంటిది అయింది. దానికి మా అబ్బాయి కీచుమనే కుందేలును తెచ్చాడు. పన్నెండు నిమిషాల్లో చెవులు, దూది, లోపలి కీచు బిళ్ళ వేరువేరుగా మూడు కుప్పలు పెట్టింది. మా అత్తగారు వాచీ చూసి "ఇంత ఖరీదైన పలహారం నేనెన్నడూ తినలేదమ్మా" అన్నారు. కుక్కను తిట్టి లాభం లేదు. పట్టడం, విదిలించడం, చీల్చడం వాటి పుట్టుకలో ఉన్న పని. చీల్చే సరదా తీరడానికి మన్నని వస్తువే ఇవ్వాలి. పిన్నులూ టేపూ తీసేసిన అట్టపెట్టెలో నాలుగు బిస్కట్టు ముక్కలు వేసి మూసి ఇవ్వండి. పావుగంట స్వర్గం. కాగితం మింగకుండా చీల్చే కుక్కకే సుమండీ, మింగేదానికి వద్దు. పాత చెప్పు మాత్రం ఎవ్వరూ ఇవ్వకండి. పాతదీ కొత్తదీ దానికేం తెలుసు, రెండూ మీ వాసనే.

ఇంకొకటి చూసే ఉంటారు. కొన్న రోజు కౌగిలించుకు పడుకున్న బొమ్మను నాలుగో రోజు తొక్కుకుంటూ పోతుంది. ఇంగ్లండులో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంవారు లాబ్రడార్ల మీద దీన్ని పరీక్షించి 2012లో ప్రచురించారు. ఒకే బొమ్మను మళ్ళీ మళ్ళీ ఇస్తే విసుగెత్తి వదిలేస్తాయి, వేరే వాసనా రంగూ ఉన్న బొమ్మ ఇవ్వగానే మళ్ళీ ఉత్సాహం. అంచేత పది బొమ్మలు నేలమీద పరిచి ఉంచడం దండుగ. ఆరు ఉంటే రెండు బయట, నాలుగు బీరువాలో. వారానికోసారి మార్చండి. కడిగి ఎండబెట్టి తీస్తే కొత్తదానితో సమానం. రంగు మాట వచ్చింది గనుక చెబుతున్నాను. కుక్కలు నీలం, పసుపు బాగా గుర్తిస్తాయి, ఎరుపూ ఆకుపచ్చా వేరు చెయ్యలేవని 1989లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు నైట్జ్, గైస్ట్, జేకబ్స్ తేల్చారు. గడ్డిలో ఎర్రబంతి విసిరి "కళ్ళు కనపడవా" అని మా ఎదురింటాయన రోజూ కోప్పడుతుంటారు. కనపడదండీ, ముక్కుతో వెతుక్కోవలసిందే. నీలం బంతి కొనుక్కోండి.

బాంబులూ మత్తుమందులూ పసిగట్టే కుక్కలకు చాలా దేశాల్లో జీతం ఏమిటో తెలుసా? ఒక బంతి, దానితో శిక్షకుడు ఆడే రెండు నిమిషాల ఆట. బంతిలో ఏముంది, రెండో కొసన మనిషి ఉన్నాడు గనుకే అది జీతమైంది. గుంజులాట ఆడితే కుక్కకు పొగరెక్కుతుందని మా కాలనీ పెద్దలు కొందరు గట్టిగా నమ్ముతారు. నికోలా రూనీ, జాన్ బ్రాడ్‌షా గోల్డెన్ రిట్రీవర్ల మీద చేసిన పరిశీలన 2002లో వచ్చింది. గెలిపించినా ఓడించినా యజమాని మీద పెత్తనం చేసే గుణం పెరగలేదు. "వదులు" అన్న మాట నేర్పి, హాయిగా ఆడండి.

కాబట్టి సోదరీ, మీ ప్రశ్నకు నా జవాబు కొంచెం కష్టంగానే ఉంటుంది. తొమ్మిది గంటలు కుక్కను కూర్చోబెట్టే బొమ్మ ఏ దుకాణంలోనూ లేదు. తిండి కూరిన మంచి రబ్బరు బొమ్మ అరగంట, మహా అయితే ముప్పావుగంట. మిగతా ఎనిమిది గంటలకు బొమ్మను ఆయాగా పెట్టలేం. పొద్దున్న అరగంట వాసన చూసుకుంటూ నడవనివ్వండి. మధ్యాహ్నం పనిమనిషినో, వాచ్‌మన్ భార్యనో, పక్కింటి కాలేజీ పిల్లనో ఒక్కసారి వచ్చి బయట తిప్పమని మాట్లాడుకోండి. ఆమెకిచ్చే డబ్బు సోఫా కన్నా తక్కువే అవుతుంది. వెళ్ళేటప్పుడు ఇచ్చే బొమ్మ మీరు ఇంట్లో ఉండగా రెండు మూడుసార్లు పరీక్షించినదై ఉండాలి. తాడు, గుడ్డ, కీచుబొమ్మ ఒంటరిగా ఉన్న కుక్క దగ్గర ఉంచవద్దు. రబ్బరు ముక్కలుగా ఊడుతుంటే ఎంత పెట్టి కొన్నదైనా సరే, పారెయ్యండి.

బొమ్మలో ఏం కూరాలని అడుగుతారు. మనింట్లో ఉన్నదే. ఉప్పూ తాలింపూ లేని పెరుగన్నం, ఉడికించిన గుమ్మడికాయ, క్యారెట్టు. ఉల్లి, వెల్లుల్లి, ఎండుద్రాక్ష, చాక్లెట్టు కుక్కకు విషం. వేరుశనగ వెన్న పెట్టేవారు డబ్బామీద 'జైలిటాల్' అనే తీపి లేదని చూసుకోవాలి, అది ప్రాణాంతకం.

దీపావళికి ఈ బొమ్మ అక్కరకొస్తుంది. ముందురోజు రాత్రే పెరుగన్నం కూరి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించండి. టపాకాయలు మొదలవకముందే కుక్కను తిప్పి తీసుకొచ్చి, లోపలి గదిలో కిటికీలు మూసి, ఫాను వేసి, పాటలు పెట్టి, అప్పుడు ఇవ్వండి. నాకుతూ ఉంటే కొంత భయం మరుస్తుంది. మరీ వణుకుతుంటే తినదు, బలవంతం చెయ్యవద్దు, పక్కన కూర్చోండి. మిగిలినది మర్నాటికి దాచకుండా పారేసి, పాలసీసాలు కడిగే బ్రష్షుతో వేడినీళ్ళలో లోపలిదాకా కడిగి బోర్లించండి.