గర్జన ఎవరికి, హెచ్చరిక ఎవరికి?

విద్యుత్తుతో నడిచే కారుకు సహజమైన గొంతు లేదు. లేని ఆ గొంతును ఎవరి కోసం సృష్టించాలన్నది ఇప్పుడు అమెరికాలో మోటారు ప్రియుల చర్చగాను, మన దేశంలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ ముసాయిదాగాను రూపు దాల్చినది. చూడడానికి వేర్వేరు విషయాలుగా కనిపించినా రెండింటి మూలం ఒక్కటే. కనుక అక్కడి ముచ్చటను మొదట పరిశీలించి, ఆ తరువాత ఢిల్లీ ఫైలు వద్దకు రావడం ఉచితం.

అమెరికాలో ‘మజిల్ కార్లు’ అనే తెగ ఒకటున్నది. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓతో దానికి ప్రతిష్ఠ కలిగిందని సాధారణంగా చెబుతారు. మధ్యరకం కారులో భారీ వి-8 ఇంజను బిగించి, ఉద్యోగం చేసుకునే యువకునికి అందుబాటులో ఉండే ధరకు అమ్మడమే అందులోని కిటుకు. ఆ కార్లకు వేగం ఎంత ముఖ్యమో, మోత కూడా అంత ముఖ్యం. బీమా ఖర్చులు, కాలుష్య నిబంధనలు, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి ఆ తరాన్ని అణచివేశాయి గాని, మోతపై మోజు మాత్రం చావలేదు.

డాడ్జ్ కంపెనీ తన వి-8 ఛాలెంజర్, ఛార్జర్ కార్ల ఉత్పత్తిని కెనడాలోని బ్రాంప్టన్ కర్మాగారంలో 2023 డిసెంబరుతో ముగించింది. వాటి వారసత్వాన్ని విద్యుత్ ఛార్జర్ డేటోనాకు అప్పగించింది. 2022 ఆగస్టులో నమూనా కారును ప్రదర్శించినప్పుడే, 126 డెసిబెల్స్ వరకు ధ్వని పుట్టించే ఏర్పాటు అందులో ఉన్నదని, పాత హెల్‌క్యాట్‌కు అది తీసిపోదని కంపెనీ చాటుకున్నది. పొగ లేదు, పొగగొట్టం లేదు, గర్జన మాత్రం ఉన్నది! నాటకంలో తెర వెనుక రేకు పలకను ఊపి ఉరుము పుట్టించడం మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పాతకాలపు అభిమానులు పలువురు మొదట ఈ కారును అటువంటి బూటకంగానే చూశారు.

అయినా వారిలో కొందరి మనసు క్రమంగా మెత్తబడుతున్నది. ఇందుకు 2023లో వచ్చిన కొరియా కారు, హ్యుందాయ్ అయోనిక్ 5 ఎన్, చాలావరకు కారణం. లేని గేర్లు మారినట్లు అది కుదుపునిస్తుంది, లేని ఇంజను హోరును వినిపిస్తుంది. వినడానికి ఇది హాస్యాస్పదమే. కాని నడిపి చూసిన మోటారు విమర్శకులలో అనేకులు మెచ్చుకున్నారు. 2024లో దానికి ప్రపంచ పెర్ఫార్మెన్స్ కారు బహుమతి కూడా లభించింది. వేగం ఎంత పెరిగిందో, మలుపులో ఎప్పుడు తగ్గాలో, చోదకుడు కంటితో కన్న ముందు చెవితో గ్రహిస్తాడు. ఆ ధ్వని అతనికి అలంకారం కాదు, సమాచారం. అభిమానుల మార్పులోని కీలకం ఇదేనని నా అభిప్రాయం.

నకిలీ అన్న ఆక్షేపణ కూడా అంత దృఢమైనది కాదు. 2011 నాటి బీఎండబ్ల్యూ ఎం5 పెట్రోలు కారే. అయినా దాని ఇంజను ధ్వనిని స్పీకర్ల ద్వారా పెంచి లోపలివారికి వినిపించారు. అసలు, నకిలీల మధ్య గీత విద్యుత్ కారు రాక పూర్వమే చెరిగిపోయినదన్నమాట. అయితే విద్యుత్ మజిల్ కారు జయించినదని చెప్పడం తొందరపాటే అవుతుంది. విద్యుత్ కార్ల కొనుగోలుపై అమెరికా ప్రభుత్వం ఇస్తూ వచ్చిన 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. డాడ్జ్ కంపెనీయే అదే ఛార్జర్‌ను ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజనుతో మళ్ళీ రంగంలోకి దించింది.

ఇంతకు మించిన విశేషం 2025లోనే జరిగింది. గర్జనకు పేరుపడిన ఆ డేటోనా కార్లను ఎనిమిది వేలకు పైగా మరమ్మతుకు వెనక్కి పిలువవలసి వచ్చింది. కారణం, తక్కువ వేగంలో పాదచారులకు వినిపించవలసిన ధ్వని వాటి నుండి వెలువడకపోవడం! యజమానికి వినిపించే గొంతు ఉన్నది. దారిన పోయేవానికి వినిపించవలసిన గొంతు లేకపోయింది.

ఈ రెండవ గొంతు దయాదాక్షిణ్యాల వలన వచ్చినది కాదు, చట్టం వలన వచ్చినది. అంధుల సంస్థలు ఏళ్ళ తరబడి పోరాడగా అమెరికా కాంగ్రెస్ 2010లో పాదచారుల భద్రతా చట్టాన్ని ఆమోదించింది. 2011 జనవరిలో అధ్యక్షుడు ఒబామా దానిపై సంతకం చేశారు. ఐరోపా సమాజంలో 2019 జూలై నుండి కొత్త నమూనాలకు, 2021 జూలై నుండి కొత్త కార్లన్నింటికి ఇటువంటి ధ్వని తప్పనిసరి అయినది. గంటకు 20 కిలోమీటర్ల లోపు వేగంలో అది మోగాలి. 20 కిలోమీటర్ల వేగం వద్ద 56 డెసిబెల్స్‌కు తగ్గరాదు, 75కు మించరాదు. ఆ గరిష్ఠ పరిమితి గమనార్హం. వినిపించడం హక్కు, చెవులు చిల్లులు పొడవడం హక్కు కాదు అన్న వివేకం అందులో ఉన్నది.

ఇక మన సంగతి. కేంద్ర రవాణా శాఖ 2025 సెప్టెంబరులో ప్రకటించిన ముసాయిదా ప్రకారం విద్యుత్ కార్లు, బస్సులు, లారీలకు ఈ హెచ్చరిక ధ్వని ఉండాలి. గడువు కొత్త నమూనాలకు 2026 అక్టోబరు 1, ఇప్పటికే ఉన్న నమూనాలకు 2027 అక్టోబరు 1. ఇది స్వాగతింపదగిన చర్యే. కాని ముసాయిదా ప్రయాణికుల, సరకుల వాహనాలనే పేర్కొన్నది. ద్విచక్ర, త్రిచక్ర వాహనాల ఊసెత్తలేదు.

మన వీధులలో నిశ్శబ్దంగా నడిచే వాహనం ఏది? 2024-25లో దేశంలో సుమారు 19 లక్షలకు పైగా విద్యుత్ వాహనాలు రిజిస్టరు కాగా, అందులో కార్లు లక్షకు కాస్త పైన మాత్రమే. తక్కినవాటిలో అత్యధిక భాగం స్కూటర్లు, ఈ-రిక్షాలు, ఆటోలు. పాత ఢిల్లీ సందులలో గాని, విజయవాడ, వరంగల్ పేటలలో గాని నడిచిపోయేవాని వీపు వెనుకకు చప్పుడు లేకుండా వచ్చేవి ఇవే. 2022లో దేశంలో 32,825 మంది పాదచారులు రోడ్డు ప్రమాదాలలో మరణించారని కేంద్ర రవాణా శాఖ నివేదికే చెబుతున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం దృష్టిలోపం గలవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. చట్టం ఎవరి ప్రాణాల కోసమో, వారికి ఎక్కువగా ఎదురుపడే వాహనమే చట్టానికి వెలుపల మిగిలితే ప్రయోజనమేమి?

మన రోడ్లమీద రణగొణ ధ్వనికి కొదవ లేదు గదా, మరొక చప్పుడు ఎందుకని అడిగేవారున్నారు. హారన్ చాలదా అనేవారూ ఉన్నారు. హారన్ డ్రైవరు మనిషిని చూసినప్పుడే మోగుతుంది. ఈ ధ్వని అతడు చూడనప్పుడు కూడా మోగుతుంది. తేడా అక్కడున్నది. రణగొణ ధ్వని విషయానికి వస్తే, దానిని తగ్గించే చట్టాలకు కూడా కొదవ లేదు. 2000 నాటి నిబంధనలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి విధించాయి. సైలెన్సరును తప్పించి పొగ వదిలే బండికి మోటారు వాహనాల చట్టం జరిమానా నిర్దేశించింది. అయినా బుల్లెట్ మోటారు సైకిళ్ళ సైలెన్సర్లు మార్చి వీధులు దద్దరిల్లజేసే యువకులు ప్రతి పట్టణంలోను ఉన్నారు. అమెరికా గర్జన రేపు ఇక్కడికి దిగుమతి అయితే వారే మొదటి గిరాకీ.

ఢిల్లీలో ధ్వనిని గురించి ముచ్చటలు తక్కువ కాదు. హారన్లలో వేణువు, తబలా, హార్మోనియం వంటి మన వాద్యాల స్వరాలు వినిపించేలా చట్టం తెచ్చే ఆలోచన ఉన్నదని 2025 ఏప్రిల్‌లో రవాణా మంత్రి నితిన్ గడ్కరీ చెప్పారు. 2024 నవంబరులో మహీంద్రా కంపెనీ విడుదల చేసిన విద్యుత్ కార్లకు ధ్వనులను సమకూర్చినవారు ఏ.ఆర్. రహమాన్. వినసొంపుగా ఉండటంలో తప్పులేదు. కాని కారులో కూర్చున్నవాని ఆనందానికి సంగీత దర్శకుడు దొరికాడు. కర్రతో తడుముకుంటూ రోడ్డు దాటేవాని తరఫున మాట్లాడేవారు దొరకాలి.

పార్లమెంటులో రవాణా వ్యవహారాల స్థాయీ సంఘం ఉన్నది, ప్రశ్నోత్తరాల సమయం ఉన్నది. మన తెలుగు సభ్యులు రెండు కోరికలు అక్కడ పెట్టవచ్చు. చిన్న ధ్వని స్కూటరు, ఈ-రిక్షాలతో సహా అన్ని విద్యుత్ వాహనాలకు తప్పనిసరి కావాలి. పెద్ద ధ్వని, అది పెట్రోలుదైనా, స్పీకరుదైనా, వీధిలో ఎవరికీ అనుమతించరాదు. మోజుగలవారు తమ గర్జనను కారు అద్దాల లోపల ఎంతసేపైనా విని ఆనందింతురు గాక! వీధి మాత్రం నడిచేవానిది కూడా.