గజ్జికి ఇంజిన్ ఆయిల్ మందు కాదు

కళింగపట్నంలో కుక్కనో పిల్లినో పెంచుకుంటున్న ప్రతి ఇంటికీ ఈ విజ్ఞప్తి. వానలు మొదలై, వంశధార కలిసే ఈ తీరంలో గాలి చెమ్మగిల్లే రోజుల్లో వాటి ఒళ్లు వారానికోసారైనా వేళ్లతో తడిమి చూడండి.

గజ్జి పట్టిన కుక్క రాత్రీ పగలూ గోక్కుంటూనే ఉంటుంది. చెవి అంచుల్లో, మోచేతుల దగ్గర, పొట్ట మీద బొచ్చు రాలి పొక్కు కడుతుంది. చెవి అంచును రెండు వేళ్ల మధ్య నలిపితే వెనక కాలు దానంతటదే గోకడం మొదలుపెడుతుంది. గజ్జిని అనుమానించడానికి పశువైద్యులు కూడా చేసే పరీక్షే ఇది. కారణం సార్కాప్టిస్ అనే సూక్ష్మమైన పురుగు. కుక్క నుంచి మనిషికి ఎక్కితే దద్దుర్లు, దురద తప్పవు గానీ అది మన ఒంటి మీద ఎక్కువ కాలం నిలవలేదు. కుక్కకు నయమైతే సాధారణంగా ఇంట్లోవాళ్ల దురదా తగ్గిపోతుంది.

తామర ఇంకాస్త మొండిది. బొచ్చు ఊడిన గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి, దురద ఉండకపోనూవచ్చు. పైకి నిగనిగలాడే పిల్లి కూడా దాన్ని మోసుకు తిరగగలదు. రాలిన వెంట్రుకల్లో దాని బీజాలు ఏడాదికి పైగా బతుకుతాయి కాబట్టి పిల్లి పడుకునే గుడ్డలు ఉతకడం, గది ఊడ్చి తుడవడం వైద్యంలో భాగమే. ఇంట్లో పిల్లలకు తామర మచ్చ వస్తే డాక్టరుకు చూపించాలి. మందుల షాపులో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ క్రీము నాలుగు రోజులు తగ్గినట్టే మాయ చేసి, ఆనక మరింత పాకిస్తుంది.

ఇక కాలిన ఇంజిన్ ఆయిల్. గజ్జికి అది పూయడం మన ఊళ్లలో పాత అలవాటే. పూసిందాన్ని కుక్క నాకుతుంది, ఆ విషం నేరుగా కడుపులోకి పోతుంది. కిరోసిన్ కూడా అంతే. కుక్కల కోసం అమ్మే పర్మెత్రిన్ మందు పిల్లికి రాస్తే ప్రాణాలకే ముప్పు.

బొచ్చు రాలిందని కుక్కను వీధిలోకి తోలేయకండి. డెమోడెక్స్ అనే మరో పురుగు వల్లా బొచ్చు ఊడుతుంది, అది మనుషులకు అంటదు. చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూస్తే తేడా చాలావరకు తెలుస్తుంది. గజ్జికి ఇప్పుడు మంచి మాత్రలున్నాయి. అయితే ఇంట్లో కుక్కలన్నిటికీ ఒకేసారి వైద్యం జరగాలి. తామర మందును బొచ్చు మొలిచిందని మధ్యలో ఆపకూడదు.

దగ్గరి పశువుల ఆసుపత్రిలో తేలకపోతే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినోత్సవం నాడు, రేబిస్ టీకాకు కుక్కను తీసుకెళ్లేవారు పనిలో పనిగా దాని చర్మాన్నీ చూపించి రావచ్చు.