ప్రతిజ్ఞ నోటికి, పంక్తి కులానికి!

పొద్దున బడి గంట కొట్టగానే పిల్లలు వరసల్లో నిలబడి, చెయ్యి చాచి, భారతీయులమంతా తోబుట్టువులమని ప్రతిజ్ఞ చేస్తారు. దాన్ని రాసింది మన తెలుగువాడే. పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా రాశాడు. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా బడుల్లో చెప్పిస్తున్నారు. అరవై ఏళ్లు దాటింది. మధ్యలో 1985 జులై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు జరిగాయి. ఆనాడు గొడ్డళ్లు, బరిసెలు పట్టిన చేతుల్లో ఈ ప్రతిజ్ఞకు చాచిన చేతులు ఒక్కటీ లేవా?

పిల్లలకు విలువలు నేర్పాలని ప్రతి ప్రభుత్వమూ అంటుంది. నేర్పాల్సిందే. కాకపోతే ఎవరి విలువలు? బొటనవేలు కోసిచ్చిన ఏకలవ్యుణ్ణి గురుభక్తికి నమూనాగా చూపించి, వేలు అడిగిన ద్రోణుణ్ణి పల్లెత్తు మాట అనని పాఠం ఎవరి విలువ? అందరికీ ఉమ్మడిగా ఉండదగిన విలువలు ఈ దేశంలో రాసిపెట్టి ఉన్నది ఒక్కచోటే. అది రాజ్యాంగం. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం. ఈ మూడింటినీ విడదీస్తే ప్రజాస్వామ్యమే ఉండదని బాబాసాహెబ్ అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించాడు. సౌభ్రాతృత్వం లేకుంటే మిగతా రెండూ పైపై రంగు పూతేనన్నాడు.

ఆ రంగు ఎక్కడ వెలుస్తుందో చూడాలంటే మధ్యాహ్నం బువ్వ పంక్తి దగ్గరికి పోవాలి. బడిలో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. వంటవాళ్లుగా దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న మళ్లీ చెప్పింది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఏమైంది? దళిత స్త్రీ వండిన అన్నం తినమని అగ్రకులాల పిల్లలు లేచిపోయారు. అధికారులు నియామకంలో లోపం ఉందంటూ ఆమెనే తీసేశారు. గొడవయ్యాక తిరిగి పెట్టుకున్నారు. పిల్లలు ఆ రోగాన్ని ఇంటి నుంచి తెచ్చుకున్నారు, సరే. మరి బడి ఏం నేర్పింది? అలిగితే కులమే గెలుస్తుందని నేర్పింది. ఈ ఒక్క పాఠం ముందు వంద నీతి కథలు దేనికి పనికొస్తాయి?

2023 డిసెంబరులో కర్ణాటక కోలారు జిల్లాలో ఒక ప్రభుత్వ గురుకులంలో మన పిల్లల్ని సెప్టిక్ ట్యాంకులోకి దించారు. పౌరశాస్త్రం పుస్తకంలో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అదే బడిలో ఆ పని ఎవరి పిల్లలు చెయ్యాలో మాత్రం రద్దు కాలేదు.

'బడిలోకి కులాన్ని తేవద్దండీ' అని కొందరు తోటి అయ్యవార్లు అంటుంటారు. అయ్యా, కులాన్ని మేం తేలేదు. మేం గేటు దాటకముందే అది లోపల కుర్చీ వేసుకుని కూర్చుంది. మేం దాని పేరు పెట్టి పిలుస్తున్నాం, అంతే.

అసలు పక్కపక్కన కూర్చుంటే కదా తోబుట్టువులయ్యేది! అందరి పిల్లలూ చదివే ఉమ్మడి బడి కావాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. ఇవాళ ఊరి పిల్లలు కాన్వెంటు బస్సెక్కి పోతున్నారు, వాడ పిల్లలు సర్కారు బడిలో మిగులుతున్నారు. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద, అణగారిన పిల్లలకివ్వాలన్న విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినా, తెలుగు నేల మీద ఆ మాట ఏళ్ల తరబడి కాగితం దాటలేదు.

కాబట్టి మేం కోరేది ఉపన్యాసాలు కాదు. ప్రతిజ్ఞతో పాటు రాజ్యాంగ పీఠిక చదివించండి, తెలుగులో అర్థమయ్యేట్టు చెప్పండి. వాడ ఆడవాళ్లు వండిన అన్నం పంతుళ్లు కూడా పిల్లల పంక్తిలోనే కూర్చుని తినండి. మరుగుదొడ్లు కడిగేందుకు జీతమిచ్చి మనిషిని పెట్టండి, పిల్లల చేతికి చీపురు ఇవ్వకండి.

ఈ పరీక్ష మనకూ ఉంది. మాల, మాదిగ, రెల్లి, డక్కలి పిల్లలు ఒకే కంచంలో తినకుండా మనం ఊరిని నిలదీస్తే ఆ గొంతుకు బలం రాదు.

అమ్మలారా, అయ్యలారా! బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలని, బలహీన వర్గాలకు తగినంత చోటు ఉండాలని 2009 చట్టమే చెబుతోంది. కూలి పోతుందని ఆ మీటింగు మానొద్దు. వేలిముద్ర వేసి వెనక్కి రావొద్దు. పంక్తి ఎట్లా వేస్తున్నారు, నీళ్లు ఎవరు ముంచుతున్నారు, చీపురు ఎవరి చేతిలో ఉంది? ఈ మూడు ప్రశ్నలూ అడగండి. జవాబు వచ్చేదాకా కూర్చోండి.

జై భీమ్!