చీటీ రాయకముందే మాట కలవాలి

ధ్యాస నిలవని, కుదురుండని ఏడీహెచ్‌డీ సమస్య ఉన్న పిల్లలకు రాసిన మందు చాలా ఇళ్లలో డాక్టరుకు తెలియకుండానే ఆగిపోతుంది. ఆస్పత్రిలో తల్లిదండ్రులు సరేనని తలూపుతారు. అసలు చర్చ ఇంటికొచ్చాక మొదలవుతుంది. చదువుకునే పిల్లాడికి మెదడు మందులేమిటని నాయనమ్మ నిలదీస్తుంది. చిన్నప్పుడు నేనూ ఇంతే, ఇప్పుడు ఉద్యోగం చేసుకోవడం లేదా అంటాడు తండ్రి. బడికి పెట్టిన క్యారేజీలో అన్నం అలాగే తిరిగొస్తోందని తల్లి బెంగపడుతుంది. మూడో వారానికి మందు బీరువా పైఅరకు చేరుతుంది, తర్వాతి అపాయింట్‌మెంటుకు ఎవరూ వెళ్లరు. ఇదీ నిర్ణయమే. కాకపోతే, విషయం తెలిసిన మనిషి లేని చోట జరిగిపోయిన నిర్ణయం.

దీనికి తల్లిదండ్రుల మొండితనమో అజ్ఞానమో కారణమనుకుంటే పొరపాటు. వాళ్ల సందేహాలన్నీ సబబైనవే, చాలావాటికి జవాబులూ ఉన్నాయి. మిథైల్‌ఫెనిడేట్‌ అనే ఏడీహెచ్‌డీ మందు వాడే పిల్లల్లో ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యంగా పట్టడం తరచుగా కనిపించే దుష్ప్రభావాలు. ఉదయం టిఫిన్‌ తిన్నాక మందు వేయడం, దాని ప్రభావం తగ్గిన సాయంత్రం వేళ కడుపునిండా పెట్టడం, మోతాదు తగ్గించి చూడటం, కుదరకపోతే మందే మార్చడం... ఇన్ని దారులున్నాయి. ఏళ్ల తరబడి వాడితే ఎత్తు పెరగడం కొద్దిగా మందగించవచ్చు. అందుకే ఎత్తు, బరువు, రక్తపోటు, నాడి క్రమం తప్పకుండా చూడాలి. కుటుంబంలో ఎవరికైనా చిన్నవయసులో గుండెజబ్బు వచ్చిందా అన్నది మందు మొదలుపెట్టకముందే అడగాలి. అలవాటైపోతుందేమోనన్న భయానికీ సమాధానం ఉంది. డాక్టరు పర్యవేక్షణలో, చెప్పిన మోతాదులో ఈ మందు వాడిన పిల్లలు పెద్దయ్యాక మత్తుకు బానిసలయ్యే ముప్పు పెరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. ఇక ‘నేనూ ఇంతే’ అన్న తండ్రి మాట డాక్టరుకు తప్పక చేరాల్సిన సమాచారం, ఎందుకంటే ఈ సమస్యలో వంశపారంపర్యం పాలు చాలా ఎక్కువ. ఇవన్నీ ఆస్పత్రి గదిలో మాట్లాడుకోవాల్సిన మాటలు. అక్కడేమో బయట ఇంకా ఎంతోమంది కూర్చుని ఉన్నారన్న తొందరలో నోరు పెగలదు.

మందు పనిచేస్తుందా లేదా అన్నది ఇప్పుడు పెద్ద వివాదం కాదు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ అండతో జరిగిన ‘ఎంటీఏ’ అధ్యయన ఫలితాలు 1999 డిసెంబరులో వెలువడ్డాయి. ఏడు నుంచి తొమ్మిదేళ్ల వయసున్న 579 మంది పిల్లలను అందులో నాలుగు జట్లుగా చేశారు. ఒక జట్టుకు జాగ్రత్తగా మోతాదు సరిచూసిన మందు ఇచ్చారు. రెండో జట్టుకు మందు లేకుండా, తల్లిదండ్రులకూ బడికీ శిక్షణనిచ్చే ప్రవర్తనా చికిత్స. మూడో జట్టుకు రెండూ. నాలుగో జట్టువాళ్లు తమ ఊళ్లో దొరికే వైద్యమే చేయించుకున్నారు. 14 నెలల తర్వాత చూస్తే, కుదురులేకపోవడం, ధ్యాస నిలవకపోవడం వంటి ప్రధాన లక్షణాలు మందు తీసుకున్న జట్టులోనూ, రెండూ అందిన జట్టులోనూ బాగా తగ్గాయి. దాంతో మందే గెలిచిందని చాలామంది తీర్మానించేశారు.

నన్ను మాత్రం ఆ నాలుగో జట్టు ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. ఆ పిల్లల్లో సుమారు మూడింట రెండొంతుల మంది కూడా మందు వాడినవాళ్లే. అయినా వాళ్లకు అంత మేలు జరగలేదు. అధ్యయనం తరఫున మందు అందుకున్న పిల్లలను డాక్టరు నెలనెలా అరగంట సేపు చూసేవారు, టీచరేమంటున్నారో తెలుసుకునేవారు, దాన్నిబట్టి మోతాదు సర్దేవారు. నాలుగో జట్టుకు అంత ఆరా లేదు, మోతాదూ తక్కువే. ఒకే మందు, అడిగి తెలుసుకునే తీరిక ఉన్నచోట ఒకలా, లేనిచోట మరోలా పనిచేసింది. ఇంకో సంగతి: మందూ ప్రవర్తనా చికిత్సా కలిసి అందిన పిల్లలకు తక్కువ మోతాదు సరిపోయింది. తల్లిదండ్రుల సంతృప్తి కూడా ప్రవర్తనా చికిత్స ఉన్న జట్లలోనే ఎక్కువగా కనిపించింది. 2007లో వెలువడిన మూడేళ్ల ఫలితాల్లో జట్ల మధ్య తేడాలు దాదాపు చెరిగిపోయాయి. కాబట్టి ఎనిమిదో ఏట తీసుకున్న నిర్ణయాన్ని పదకొండో ఏట మళ్లీ ముందేసుకుని చూడాల్సిందే.

ఇంతకీ పిల్లాడిలో ఏం మారాలని కోరుకుంటున్నాం? నా దృష్టిలో మందు వాడాలా వద్దా అన్నదానికంటే ముందు తేలాల్సింది ఇదే. ఫిలడెల్ఫియాలోని పిల్లల ఆస్పత్రి పరిశోధకులు తల్లిదండ్రుల లక్ష్యాలేమిటో ముందుగా నమోదు చేసుకుని, తర్వాత ఎవరు ఏ చికిత్స మొదలుపెట్టారో గమనించారు. 2013లో అచ్చయిన ఆ పరిశీలన ప్రకారం, చదువు బాగుపడాలన్న కోరిక బలంగా ఉన్నవాళ్లు మందు వైపు, చెప్పిన మాట వినాలని కోరుకున్నవాళ్లు ప్రవర్తనా చికిత్స వైపు మొగ్గారు. అంటే పైకి చెప్పినా చెప్పకపోయినా మనసులోని లక్ష్యమే చికిత్సను నడిపిస్తోంది. అలాంటప్పుడు దాన్ని ఎంత త్వరగా పైకి చెప్పుకుంటే అంత మంచిది.

మన దగ్గర ఆ లక్ష్యం చాలాసార్లు మార్కులే. మందు ధ్యాస నిలపడానికి సాయపడుతుంది, మొదలుపెట్టిన లెక్క పూర్తిచేసేలా చూస్తుంది. ర్యాంకు తెచ్చిపెడుతుందన్న హామీ ఏ మందుకూ లేదు. ఏడీహెచ్‌డీతో పాటు చదవడం, రాయడంలో ప్రత్యేక ఇబ్బంది కూడా ఉంటే దానికి వేరే సాయం కావాలి, మాత్ర దాన్ని సరిచేయదు. మార్కుల ఆశతో మందు మొదలుపెట్టిన ఇల్లు యూనిట్‌ టెస్టు ఫలితాలు చూసి, ఇది పనిచేయలేదని ఆపేస్తుంది. అదే సమయంలో ఆ పిల్లాడు చెల్లెల్ని కొట్టడం మానేసి ఉండవచ్చు, బస్సు దిగగానే రోడ్డుకు అడ్డంగా పరిగెత్తడం తగ్గి ఉండవచ్చు. దేన్ని కొలవాలో ముందే అనుకోకపోతే ఆ మేలు ఎవరి లెక్కలోకీ రాదు.

వయసు సంగతి కూడా ఇక్కడే తేలాలి. ఆరేళ్లలోపు పిల్లలుంటే ముందు తల్లిదండ్రులకు శిక్షణే ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఐదేళ్లలోపు పిల్లల విషయంలో బ్రిటన్‌ మార్గదర్శకాలదీ అదే దారి. కెనడాలోని బ్రిటిష్‌ కొలంబియాలో తొమ్మిది లక్షలకు పైగా పిల్లల వివరాలు పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, తరగతిలో అందరికంటే చిన్నవాళ్లైన డిసెంబరు పిల్లలకు, పెద్దవాళ్లైన జనవరి పిల్లలకంటే ఏడీహెచ్‌డీ నిర్ధారణ ఎక్కువగా జరిగింది. అబ్బాయిల్లో 30 శాతం, అమ్మాయిల్లో 70 శాతం ఎక్కువ. రెండున్నరేళ్లకే నర్సరీలో వేసి, ఏడాది ముందే ఒకటో తరగతికి పంపే మన అలవాటు గుర్తుంటే, ‘క్లాసులో కూర్చోవడం లేదు’ అన్న టీచరు ఫిర్యాదు వినగానే ముందు పుట్టినతేదీ చూడాలనిపిస్తుంది. ఇంట్లోనూ బడిలోనూ, కనీసం రెండు చోట్ల లక్షణాలు కనిపించాలన్న నిబంధన ఉన్నది కూడా ఇలాంటి పొరపాట్లు జరగకూడదనే.

మన దేశంలో ఈ చికిత్సకు ఇంకో ముడి ఉంది. మిథైల్‌ఫెనిడేట్‌ షెడ్యూల్‌ ఎక్స్‌ మందు. ప్రత్యేక లైసెన్సున్న దుకాణంలోనే అమ్మాలి, చీటీ రెండు ప్రతులుండాలి, ఒకటి దుకాణదారు రెండేళ్లు దాచాలి. దుర్వినియోగాన్ని ఆపడానికి పెట్టిన ఈ నిబంధన అవసరమే. కానీ పక్క వీధి మెడికల్‌ షాపులో దొరకని మందు కోసం ఒక తండ్రి నెలనెలా పని మానుకుని పట్నం వెళ్లగలడా? ఇది చికిత్సకు సంబంధించిన ప్రశ్నే. అటమాక్సెటిన్‌ వంటి మందుకు ఇంత కట్టడి లేదు, అయితే పూర్తి ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ప్రవర్తనా చికిత్సకూ వారం వారం బస్సు ఛార్జీలు, ఫీజులు, తల్లి సెలవులు కావాలి. ఈ లెక్కలు పుస్తకంలో ఉండవు, ఆ కుటుంబానికే తెలుస్తాయి. వాటిని అడగకుండా రాసిన చీటీ ఎంత శాస్త్రీయమైనదైనా మధ్యలోనే ఆగిపోతుంది.

కలిసి నిర్ణయించడమంటే డాక్టరు ‘మీ ఇష్టం’ అని చేతులు దులుపుకోవడం కాదు. ఏ దారిలో ఎంత మేలు, ఎంత ఇబ్బంది ఉంటుందో చెప్పి, తానైతే దేన్ని ఎందుకు ఎంచుకుంటారో స్పష్టంగా చెప్పడం డాక్టరు బాధ్యత. తల్లిదండ్రులు తమ భయాలను, ఖర్చును, ఇంట్లో పెద్దల అభ్యంతరాన్ని దాచకుండా చెప్పాలి. వీలైతే ఆ పెద్దలనే వెంట తీసుకెళ్లాలి. పిల్లాడినీ అడగాలి. తొమ్మిదేళ్ల పిల్లాడు మందు వేసుకున్న రోజు తనకెలా ఉంటుందో చక్కగా చెప్పగలడు. ఆకలేయడం లేదనీ, ఆటలో హుషారు రావడం లేదనీ చెబితే అది మోతాదు మార్చడానికి పనికొచ్చే మాట. ఆపేయాలనిపించినప్పుడు కూడా ముందు డాక్టరుకు ఫోన్‌ చేయాలి.

ప్రభుత్వాల వంతు కూడా ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించాల్సిన ఆరోగ్య సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ ఉంది. అంటే గుర్తించే బాధ్యతను ప్రభుత్వం ఎప్పుడో నెత్తికెత్తుకుంది. గుర్తించాక ఏం చేయాలో కుటుంబంతో కూర్చుని మాట్లాడే ఏర్పాటు కూడా అందులో భాగం కావాలి. తెలుగు రాష్ట్రాల్లోని జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లో కొత్తగా నిర్ధారణ అయిన ప్రతి పిల్లాడి కుటుంబానికీ మొదటిసారి కనీసం అరగంట కేటాయించాలి. మందుల మంచిచెడులు వివరించే కరపత్రం తేలిక తెలుగులో ఉండాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో తల్లిదండ్రులకు బృందంగా శిక్షణ ఇవ్వవచ్చు. భవనాలు ఉన్నాయి, ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారు. వాళ్లకు తగిన తర్ఫీదునిచ్చి ఈ పని అప్పగించాలి.