విడువబడిన యాటగాండ్రు

కాయని చెట్టును నరుకుటకు గొడ్డలి యొక్కటి చాలును. అది యేల కాయలేదో తెలిసికొనుటకు ఓర్పు వలయును. ఈ మాట తోటమాలులకే గాక గురువులకును, తల్లిదండ్రులకును, ఆటల జట్లను నడుపువారికిని చెల్లును. ఈ విషయమున మా యభిప్రాయమును చదువరులకు విన్నవింప దలచి, దృష్టాంతములకై మన దేశమున నంతగా నెఱుగని యొక యాటను గైకొంటిమి. అది అమెరికావారి ఫుట్‌బాల్.

మన బాలురు సాయంకాలమున మైదానములో కాళ్లతో తన్ను బంతియాట వేఱు, ఇది వేఱు. ఇందు కోలగా నుండు బంతిని చేత బట్టి పరుగిడుటయు, విసరుటయు ముఖ్యము. పక్షమునకు పదునొకండుగురు నిలుతురు. బంతి గల పక్షము నాలుగు ప్రయత్నములలో పది గజములైనను ముందునకు సాగవలయును. ప్రయత్నము మొదలుకాగానే బంతి సాధారణముగ నొకని చేతికి వచ్చును. ఆతనిని క్వార్టర్‌బ్యాక్ అందురు. ఆతడు రెండు మూడు సెకండ్లలో మైదానమంతయు పరికించి, ఎవరికి విసరవలయునో నిశ్చయించి, గురి తప్పక విసరవలయును. ఈలోపున ఎదుటివారు ఆతనిని నేలగూల్చుటకు మీదికి దూకుచుందురు. ఆతని ముందఱ నిలిచి వారి నడ్డగించుటయే పనిగా గలవారు అయిదుగురు. వారు గట్టివారైనచో ఆతడు వీరుడు. బలహీనులైనచో ఆతడు నేలపాలు. అయినను గెలిచినపుడు కీర్తియు, ఓడినపుడు నిందయు ఆతనికే దక్కును.

అచ్చటి వృత్తిజట్ల కూటమికి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అని పేరు. నేడు అందు 32 జట్లు కలవు. కళాశాలలలో నాడి పేరు వడసిన యువకులను ఈ జట్లు ఏటేట వంతుల చొప్పున నెన్నుకొనును. ఈ పద్ధతి 1936లో మొదలయ్యెను. గడచిన యేట అందఱికంటె హీనముగ నాడిన జట్టునకు మొదటి వంతు లభించును. బలహీనులను బలపఱచుట కేర్పడిన న్యాయమైన నియమమే యిది. కాని యిందొక చిక్కు గలదు. అందఱికంటె నెక్కువ యాశ గొలుపు యువకుడు తఱచుగా అందఱికంటె చెడ్డ జట్టున బడును. చెడ్డజట్టున ముందు నిలుచువారు బలహీనులు; శిక్షకులు ఏటేట మాఱుచుందురు; ప్రేక్షకులు ఓపిక లేనివారు. అట్టిచోట ఇరువదియొక్క యేండ్ల పిల్లవాడు తడబడుటలో వింత యేమి?

2002లో క్రొత్తగా నేర్పడిన హ్యూస్టన్ టెక్సన్స్ జట్టు డేవిడ్ కార్ అను యువకుని తన మొట్టమొదటి యెన్నికగా గైకొనెను. ఆ యొక్క సంవత్సరముననే ఎదుటివారు ఆతనిని బంతితో గూడ 76 మారులు నేలగూల్చిరి. ఒక్క యేట అన్ని మారులు కూలిన క్వార్టర్‌బ్యాక్ ఆ లీగు చరిత్రలో మఱియొకడు లేడు. అయిదేండ్లకు ఆ జట్టు ఆతనిని విడిచిపెట్టెను. కార్ మహాక్రీడాకారుడై యుండెడివాడని మేము చెప్పజాలము. కాని ఆతనిని పరీక్షించిన తీరు న్యాయమైన పరీక్ష కాదని మాత్రము చెప్పగలము.

ఇక విడువబడియు వెలుగులోనికి వచ్చినవారిని చూతము. స్టీవ్ యంగ్ 1985, 1986 సంవత్సరములలో టాంపా బే బకనీర్స్ జట్టున నుండెను. ఆతడు మొదటినుండి నడిపిన 19 పోటీలలో గెలిచినవి 3. లెక్క మాత్రమే చూచువారికి ఇది చాలును, ఆతడు పనికిరాడు. కాని యా రెండేండ్లలో ఆ జట్టు ఆడిన పోటీలు మొత్తము 32, గెలిచినవి 4. అనగా ఆతడు గాక యితరులు నడిపిన 13 పోటీలలో గెలుపు ఒక్కటియే! దోషము ఒక్కనిదా, ఇంటిదా? టాంపావారు ఈ ప్రశ్న వేసికొనలేదు. వేఱొక యువకునిపై మనసు పడి, 1987లో యంగును శాన్‌ఫ్రాన్సిస్కో జట్టున కిచ్చివేసిరి. అచ్చటి శిక్షకుడు బిల్ వాల్ష్ ఓటముల పట్టికను గాక ఆటగానినే చూచెను. యంగు నాలుగేండ్లు జో మాంటానా అను మహామహుని వెనుక నిలిచి నేర్చుకొనెను. 1995 జనవరిలో జరిగిన సూపర్ బౌల్ అను తుదిపోటీలో ఆతడు ఆఱు టచ్‌డౌన్ విసరులు విసరి జట్టును గెలిపించెను. అట్టి పోటీలో అన్ని విసరినవాడు అంతకుముందు లేడు.

జానీ యునైటస్ కథ యింకను పాతది. 1955లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు ఆతనిని తొమ్మిదవ వరుసలో నెన్నుకొని, లీగు పోటీలు మొదలుకాకముందే పంపివేసెను. ఆతడు కట్టడపు కూలిపని చేయుచు, ఆటకు 6 డాలర్ల కూలికి ఒక పేటజట్టున నాడుచుండెను. మఱుసటి యేట బాల్టిమోర్ కోల్ట్స్ వారు ఆతనిని పిలిచిరి. ముఖ్యుడైన యాటగాడు గాయపడగా చికాగో జట్టుపై ఆతని వంతు వచ్చెను. ఆ పోటీలో ఆతని మొదటి విసరును ఎదుటివాడే పట్టుకొని పోయి టచ్‌డౌన్ చేసెను! ఆ దినమున బాల్టిమోరువారును తొందరపడి యుండినచో ఆ కథ అంతటితో ముగిసెడిది. వారు తొందరపడలేదు. 1958 డిసెంబరు 28న న్యూయార్కు జట్టును 23-17 లెక్కన ఓడించి యునైటస్ వారిని లీగు విజేతలను జేసెను. ఆతనిని పంపివేసిన పిట్స్‌బర్గువారు తమ తొలి విజేతృత్వమునకై 1975 జనవరి దాక వేచియుండవలసివచ్చెను.

కర్ట్ వార్నరును 1994లో ఏ జట్టును ఎన్నుకొనలేదు. గ్రీన్ బే వారు పరీక్షకు బిలిచి, పోటీలకు ముందే పంపివేసిరి. ఆతడు ఐయోవా రాష్ట్రమున నొక సరకుల యంగడిలో రాత్రులు అరలలో డబ్బాలు సర్దుచు, పిమ్మట చిన్న మైదానములలో నాడు వేఱొక లీగున జేరెను. 1998లో సెయింట్ లూయిస్ రామ్స్ జట్టు ఆతనిని జేర్చుకొనెను. 1999 ఆగస్టులో జట్టు నాయకత్వము వహింపవలసిన ట్రెంట్ గ్రీన్ మోకాలు దెబ్బతినగా, ఇరువదియెనిమిదేండ్ల వార్నరునకు స్థానము దొరికెను. ఆ యేట ఆతడు 41 టచ్‌డౌన్ విసరులు విసరెను. అంతకుముందటి సంవత్సరము 16 పోటీలలో నాలుగు గెలిచిన జట్టు పదుమూడు గెలిచి, 2000 జనవరి 30న సూపర్ బౌల్‌నందును జయించెను. ఇందు గమనింపదగిన మఱియొక ముచ్చట గలదు. ఆతనిని కనుగొనిన సెయింట్ లూయిస్ వారే 2004లో ఆతని పని యయ్యెనని విడిచిరి. ఆతడు 2009 ఫిబ్రవరిలో అరిజోనా జట్టును తుదిపోటీదాక నడిపించెను. ఒకమారు కన్ను దెఱచినవాడును మఱల కన్ను మూయవచ్చును గదా!

ఇది విని, విడువబడిన ప్రతివాడును మాణిక్యమే యని యెవరైన తలచినచో అదియు పొరపాటే. 1998లో రెండవ యెన్నికగా వచ్చిన ర్యాన్ లీఫును శాన్‌డియాగోవారు విడిచిన పిమ్మట మూడు జట్లు వరుసగా చేరదీసినను ఫలము లేకపోయెను. గెలిచినవారి కథలే మనకు వినవచ్చును. ఓడి యింటికి బోయినవారి కథలను ఎవరు వ్రాయుదురు? కావున అందఱిని నెల్లకాలము ఉంచుకొనుడని మేము కోరుటలేదు. తీర్పునకు ముందు విచారణ జరుగవలయునని మాత్రమే కోరుచున్నాము.

ఈ విచారణకు నేటి కాలమున ఓపిక మఱింత తగ్గినది. 2011లో ఆటగాండ్రకును యజమానులకును కుదిరిన యొడంబడికచే క్రొత్తవారి జీతములకు మితి యేర్పడెను. అంతకుముందు మొదటి వరుసలో వచ్చినవానికి అపారమైన ధనము ముట్టుచుండుటచే, విడుచుటకు యజమాని వెనుకాడెడివాడు. ఇపుడు విడుచుట చౌక. చౌకయైన పని తొందరగా జరుగును. 2018లో మొదటి యెన్నికయైన బేకర్ మేఫీల్డును క్లీవ్‌లాండువారు 2022లో వదలుకొనిరి. మూడవ యెన్నికయైన సామ్ డార్నల్డును న్యూయార్క్ జెట్స్ వారు మూడేండ్లకే వదలుకొనిరి. 2024లో మేఫీల్డు 41 టచ్‌డౌన్ విసరులు విసరెను; అదియు పూర్వము యంగును వదలుకొనిన టాంపా జట్టుననే! అదే యేట డార్నల్డు మిన్నెసోటా జట్టును 17 పోటీలలో 14 గెలిపించెను. ఒకరు పాఱవేసినదానిని ఒకరు చౌకగా దెచ్చుకొని లాభము పొందిరి. పోగొట్టుకొనినవారు మఱల వెదకులాడవలసినవారే.

ఇట్టివారిని కనుగొనగోరు శిక్షకుడు మూడు ప్రశ్నలు వేసికొనవలయునని మా యభిప్రాయము. ఆతని ముందఱ నిలిచి కాపాడినవారెవరు? ఆతనికి నేర్పినవారెవరు, ఎంతకాలము నేర్పిరి? ఓడిన దినమునందును ఆతడు చక్కగా చేసినదేమి? ఈ మూడింటికిని ఉత్తరము తెలిసిన పిమ్మట విడిచినచో ఆ విడుచుట న్యాయము. తెలియక విడిచినచో అది పందెము.

ఇంత దూరదేశపు సంగతి మన పాఠశాలకేల యని చదువరులు అడుగవచ్చును. మా దోషమునే చెప్పుకొందుము. కొన్నియేండ్ల క్రిందట ఎనిమిదవ తరగతిలో నొక బాలుడు లెక్కలలో మాత్రము తప్పుచుండెను. వీడు లెక్కలకు పనికిరాడని మేము నిశ్చయించి, వెనుక బల్లపై గూర్చుండబెట్టితిమి. ఆ సంవత్సరము మొదటి గంట లెక్కలది. ఆ బాలుడు పొరుగూరి నుండి బస్సులో వచ్చువాడు. బస్సు వచ్చునప్పటికి ఆ గంటలో సగము గడచిపోయెడిది. మఱుసటి యేట లెక్కల గంట మధ్యాహ్నమునకు మాఱెను. ఆ బాలుడు ఉత్తీర్ణుడయ్యెను. మాఱినది బాలుడు కాదు, గంట. మేము బస్సును పరీక్షించి బాలునికి మార్కులు వేసితిమి!

కావున తల్లిదండ్రులారా, ఒక యేటి మార్కులు చూచి మీ బిడ్డను బడి మాన్పింపకుడు. సహోపాధ్యాయులారా, మొద్దు అను పేరు పెట్టుటకు ముందు ఆ మూడు ప్రశ్నలను మనము వేసికొందము గాక. విద్యార్థులారా, మీలో వెనుక బల్లపై నున్నవారితో నొక మాట. యంగు నాలుగేండ్లు మఱియొకని వెనుక నిలిచినపుడు ఊరక నిలువలేదు, నేర్చుకొనెను. యునైటస్ 6 డాలర్ల యాటలోను విసరుట మానలేదు. పిలుపు వచ్చుట మన చేతిలో లేదు. వచ్చిన దినమున సిద్ధముగ నుండుట మన చేతిలోనిదే. పిలువవలసిన బాధ్యత మాత్రము పెద్దలమైన మాది. దానిని మేము మఱవకుందుము గాక.