లోహం మీద జిగురు పొర: కాలికి రాడ్ వేశాక మందులు ఎందుకు ఓడిపోతున్నాయి?

గచ్చిబౌలి నుంచి మాదాపూర్ దాకా ఐటీ కారిడార్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల బోర్డులతో పోటీ పడేవి కార్పొరేట్ ఆస్పత్రుల హోర్డింగ్‌లే. మోకాలి మార్పిడి, తుంటి మార్పిడి, రోబోతో ఆపరేషన్, రెండు మూడు రోజుల్లో ఇంటికి... ఇదీ ప్రచారం. పాతబస్తీ, టోలిచౌకి నుంచే కాదు, జిల్లాల నుంచి కూడా ఇళ్లలోని పెద్దవాళ్లను ఇక్కడికి తీసుకొస్తున్నారు. సజ్దాకు మోకాలు వంగక కుర్చీ మీద నమాజు చేసుకునే పెద్దలు మన ఇళ్లలో కొత్తేమీ కాదు. ఇంకోవైపు ఇవే రోడ్ల మీద రాత్రీ పగలూ బైక్ నడిపే డెలివరీ కుర్రాళ్లు పడి, కాలు విరిగి, రాడ్ వేయించుకుంటున్నారు.

ఎక్కువ ఆపరేషన్లు బాగానే జరుగుతాయి. మొదటిసారి మోకాలు మార్పించుకున్న వంద మందిలో ఇన్ఫెక్షన్ వచ్చేది ఒకరిద్దరికే అని ప్రపంచవ్యాప్తంగా డాక్టర్లు చెప్పే లెక్క. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చిన యాక్సిడెంట్ కేసుల్లో మాత్రం ఇది చాలా ఎక్కువ. ఇన్ఫెక్షన్ వచ్చిందంటే మామూలు గాయంలా కోర్సు మందులు వాడితే తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. అక్కడే పొరపాటు.

శరీరంలో పెట్టిన లోహానికి రక్తనాళాలు ఉండవు. దాని మీదికి చేరిన బ్యాక్టీరియాను తెల్ల రక్తకణాలు సరిగా అందుకోలేవు. 1957లో ఇంగ్లండ్‌లో జరిగిన ఒక ప్రయోగంలో తేలిందేమిటంటే, మామూలు చర్మం కింద చీము పట్టాలంటే లక్షల బ్యాక్టీరియా కావాలి, అదే ఒక కుట్టు దారం ఉంటే వందల్లో చాలు. లోహానికి అంటుకున్నాక ఇవి తమ చుట్టూ జిగురు లాంటి పొర కట్టుకుంటాయి. దీన్నే బయోఫిల్మ్ అంటారు. కుండలో నీళ్లు కొన్ని రోజులు మార్చకపోతే లోపల చేతికి తగిలే జారుడు పొర కూడా ఇదే జాతి.

పొర లోపలి బ్యాక్టీరియాలో చాలా భాగం నిద్రపోతున్నట్టు ఉంటాయి, ఎదగవు. యాంటీబయాటిక్‌లలో ఎక్కువ శాతం ఎదిగే బ్యాక్టీరియాను చంపేవే. అందుకే ల్యాబ్ రిపోర్టులో 'ఈ మందు పనిచేస్తుంది' అని వచ్చినా, ఎముక దగ్గర పనిచేయదు. బయట తిరిగే బ్యాక్టీరియాను చంపే మోతాదు కన్నా వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు కావాల్సి వస్తుంది. అంత మందు మనిషికి ఇవ్వడం కుదరదు. స్టెఫిలోకోకస్ పొర మీద బాగా పనిచేసే రిఫాంపిసిన్ ఉంది గానీ, మన దేశంలో అది టీబీకి ప్రధాన మందు. దాన్ని ఒంటరిగా ఇస్తే కొద్ది రోజుల్లోనే బ్యాక్టీరియా లొంగకుండా తయారవుతుంది.

మొదటి కొన్ని వారాల్లోనే పట్టుకుంటే గాయం తెరిచి, కడిగి, లోహాన్ని ఉంచుకోవచ్చు. ఆలస్యమైతే తీసేయాల్సిందే. మోకాలైతే పాత ఇంప్లాంట్ తీసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, వారాల తరబడి మందులిచ్చి, తర్వాత కొత్తది వేస్తారు. అంటే మూడు ఆపరేషన్లు.

ఇక ఖర్చు చూద్దాం. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరకు కళ్లెం వేసింది. అప్పట్లో మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి రూ.54,720, రెండోసారి వేసే రివిజన్ రకానికి రూ.1,13,950గా నిర్ణయించింది. జీఎస్టీ అదనం. పైగా ఇది లోహం ధర మాత్రమే. ఆపరేషన్ థియేటర్, గది అద్దె, నరానికి ఎక్కించే ఖరీదైన యాంటీబయాటిక్‌ల బిల్లుకు ఈ ఉత్తర్వు వర్తించదు. మొదటి ఆపరేషన్‌కే బంగారం తాకట్టు పెట్టిన కుటుంబం రెండోదానికి ఏం పెట్టాలి? డెలివరీ కుర్రాడికైతే బండి ఎక్కని ప్రతి రోజూ సంపాదన సున్నా.

దీనికి తోడు మందులకు లొంగని బ్యాక్టీరియా ఇప్పటికే మన కడుపులో కూర్చుంది. గచ్చిబౌలిలోని ఏఐజీ ఆస్పత్రి భాగమైన నాలుగు దేశాల అధ్యయనం 2025 నవంబర్‌లో వెలువడింది. పిత్తనాళం ఎండోస్కోపీకి వచ్చిన భారతీయ రోగుల్లో 83 శాతం మందిలో మొండి బ్యాక్టీరియా కనిపించింది. ఇటలీలో 31.5, అమెరికాలో 20.1, నెదర్లాండ్స్‌లో 10.8 శాతమే. వీళ్లు ఎముకల రోగులు కాదు నిజమే. కానీ కాలు ఆపరేషన్‌కు వచ్చే మనిషి కూడా ఇదే ఊరి మనిషి, ఇవే మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా మాత్రలు కొన్న మనిషి.

ఆ మాత్రల్లో చాలావాటి ముడిమందు తయారయ్యేది కూడా ఈ కారిడార్‌కు కొద్ది దూరంలోనే. పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు రాశారు. ఆ కాలువకూ ఒక రోగి మోకాలికీ మధ్య నేరుగా గీత గీయలేం. అయినా 2020 జనవరిలో యాంటీబయాటిక్ వ్యర్థాలకు పరిమితులు ప్రతిపాదించిన కేంద్రం, 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో వాటిని ఎందుకు తీసేసినట్టు?

ఆస్పత్రుల లెక్కల సంగతీ అంతే. ఇంగ్లండ్‌లో ఎముకల ఆపరేషన్ల తర్వాత వచ్చే ఇన్ఫెక్షన్లను ప్రభుత్వ ఆస్పత్రులు నమోదు చేయడం 2004 ఏప్రిల్ నుంచే తప్పనిసరి. ఇక్కడ ఎన్ని వేల కీళ్లు మార్చారో హోర్డింగ్ మీద ఉంటుంది, ఎన్నింటికి చీము పట్టిందో ఉండదు. ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడు 'ఇన్ఫెక్షన్ వస్తే ఖర్చు ఎవరిది, లోహం తీయాల్సి వస్తే ఇన్సూరెన్స్‌కు వర్తిస్తుందా' అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవడం రోగి బంధువులకు ఉన్న హక్కే.

ఇంకో సంగతి. కుట్ల దగ్గర తడి, చీము, తగ్గని నొప్పి కనబడితే చాలామంది ముందు వెళ్లేది వీధి చివరి మెడికల్ షాపుకే. అక్కడ ఇచ్చిన నాలుగు మాత్రలతో పైకి చీము ఆగుతుంది, లోపల పొర అలాగే ఉంటుంది. తర్వాత కల్చర్ టెస్ట్ చేస్తే బ్యాక్టీరియా పెరగదు, ఏది ఉందో తెలియక డాక్టరు గుడ్డిగా మందు రాయాల్సి వస్తుంది. శాంపిల్ తీయకముందు యాంటీబయాటిక్ వేసుకోకుండా ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే అదే రోజు వెళ్లాలి, అర్ధరాత్రి అయినా సరే.